రికో జీఆర్ త్రీ: ఓపిక లేని రోజుల్లోనూ డాక్యుమెంటరీ పని ఆగకుండా

భుజం పట్టేసినా, ఇంట్లో ఒకరికి బాగోలేక ఆసుపత్రి చుట్టూ తిరగాల్సి వచ్చినా, ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్ ముందు పక్కన పెట్టేది పెళ్లి ఆర్డరును కాదు, డబ్బు రాని డాక్యుమెంటరీని. పోచంపల్లిలో ఒక నేత కుటుంబాన్ని ఏళ్ల తరబడి తీస్తూ మధ్యలో కొన్ని నెలలు కనబడకపోతే, మళ్లీ ఆ గడప తొక్కాలంటే మొహమాటం. అలాంటప్పుడు కావాల్సింది, వెళ్లే దారిలో అరగంట ఆగి నాలుగు ఫ్రేములు తీసుకోగల కెమెరా. ఆ ఒక్క అవసరం కోసమే చూస్తే రికో కంపెనీ చిన్న కెమెరా జీఆర్ త్రీ చాలా మంచిది.

బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 257 గ్రాములు. పెద్ద కెమెరా సోనీ ఏ7 ఫోర్‌కు 24-70 జీఎం టూ జూమ్ లెన్సు తగిలిస్తే 1,350 గ్రాములు దాటుతుంది. నొప్పి ఉన్న భుజానికి ఆ తేడా గంటలోనే తెలుస్తుంది. సెన్సర్ (వెలుతురును ఫొటోగా మార్చే చిప్పు) ఏపీఎస్-సీ సైజు, అంటే ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్నది; 24 మెగాపిక్సెల్స్. లెన్సు అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) గరిష్ఠంగా ఎఫ్/2.8, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 28 ఎంఎం, అంటే విశాలంగా చూపేది. జూమ్ లేదు.

దీని అసలు బలం స్నాప్ ఫోకస్, అంటే ముందే పెట్టుకున్న దూరానికి నేరుగా ఫోకస్ చేయడం. గుంట మగ్గం ఉన్న గదిలో వెలుతురు తక్కువ, నాడె (అడ్డపోగును మోసుకెళ్లేది) ఒక్కచోట నిలవదు. ఆటోఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటూ క్షణాన్ని పోగొడుతుంది. దాన్ని నమ్ముకోకుండా దూరాన్ని ముందే 1.5 మీటర్లకు పెట్టి, ఫుల్ ప్రెస్ స్నాప్ ఆన్ చేసి, షట్టర్‌ను ఒకే ఊపున నొక్కితే చాలు. ఎఫ్/2.8 దగ్గర సుమారు 1.2 నుంచి 2 మీటర్ల వరకు పదునుగా వస్తుంది: నేతగాని చేతులు, ముఖం, ముందున్న పడుగు (నిలువు పోగులు) కొంత. ఆరుబయట ఎఫ్/8, 2 మీటర్లు పెడితే దాదాపు మీటరు నుంచి 20 మీటర్ల దాకా ఫోకస్‌లోనే ఉంటుంది.

ఈ రెండింటినీ డయల్ మీద సొంత సెట్టింగుల కోసం ఉన్న యూ1, యూ2లో దాచుకోండి. రెండూ ఏవీ (Av) మోడ్‌లోనే, అంటే అపర్చర్ మనం పెడితే షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. ఆటో ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ సున్నితత్వం) గరిష్ఠం 6400, కనీస షట్టర్ వేగం గదిలో 1/125 సెకను, బయట 1/500. మనసు మరెక్కడో ఉన్న రోజున మెనూలతో కుస్తీ పట్టే ఓపిక ఉండదు, డయల్ తిప్పితే సరిపోవాలి. ఏఎఫ్ అసిస్ట్ దీపం ఆపేయండి, ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. పెద్దవాళ్ల ముఖాలను ఫ్రేము అంచుకు నెట్టవద్దు, 28 ఎంఎంలో సాగిపోతాయి. షట్టర్ చప్పుడు దాదాపు వినబడదు కాబట్టి, అడిగి తీయడం ఇంకా ముఖ్యం.

ఇక లోపాలు. కంపెనీ లెక్కలోనే బ్యాటరీ 200 ఫొటోలకు మించి రాదు. అదనంగా రెండు కొనాల్సిందే. యూఎస్‌బీ-సీతో పవర్‌బ్యాంకు నుంచి ఛార్జ్ అవుతుంది. కార్డు స్లాట్ ఒక్కటే, లోపలి మెమరీ సుమారు 2 జీబీ, రా ఫైళ్లు (కెమెరా మార్చని అసలు ఫైళ్లు) కొన్ని పదులే పడతాయి. అందుకని ఇంటికి చేరకముందే చిన్న కార్డ్ రీడర్‌తో ఫోన్‌లోకి కాపీ చేసుకోవాలి. వ్యూఫైండర్ లేదు, తెర వంగదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫ్రేము సరిగా కనబడదు.

అన్నింటికన్నా పెద్ద బెడద దుమ్ము. వాన, ధూళి రాకుండా సీలింగ్ లేదు; లెన్సు ముందుకు వచ్చి వెనక్కి పోయే ప్రతిసారీ లోపలికి కొంత లాగవచ్చు. లెన్సు ఊడదు కాబట్టి సెన్సర్‌ను ఇంట్లో తుడుచుకోలేం. నూలు పోగుల దుమ్ములో పనైతే జిప్ పౌచ్ తప్పనిసరి.

2019లో వచ్చిన మోడల్ కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఉంటారు. కొనేముందు ఎఫ్/16లో తెల్ల గోడను ఫోకస్ తప్పించి తీసి, ఫొటోను పెద్దది చేసి చూడండి: నల్ల మచ్చలుంటే అది సెన్సర్ మీది దుమ్ము. వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి, విలువ ఒక్కో మెట్టు కాకుండా గెంతితే వద్దనేయండి. 2025లో వచ్చిన జీఆర్ ఫోర్‌లో లోపలి మెమరీ 53 జీబీ. బడ్జెట్ ఉంటే అదే మేలు.

చేతిలో డబ్బు ఆడనప్పుడు పెద్ద కెమెరా అమ్మేసి మాత్రం దీన్ని కొనవద్దు. రెండు కార్డులు, జూమ్, ఫ్లాష్ లేకుండా పెళ్లి పని ఒప్పుకోలేం. ఇంటి ఖర్చు నడిపేది ఆ పనే.