పెద్దాసుపత్రా, ఆరోగ్యశ్రీయా, కార్పొరేటా: ఏది మేలు?

సర్కారు మంచిదా, ప్రైవేటు మంచిదా అని వాదించుకుంటే తెల్లవార్లూ తేలదు. ఆసుపత్రికి డబ్బు ఏ లెక్కన అందుతోందో చూస్తే సగం తేలిపోతుంది. సర్కారు ఆసుపత్రికి ప్రధానంగా జీతాలు, బడ్జెట్. ఆరోగ్యశ్రీలో (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఫలానా ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ. కార్పొరేట్‌లో దూది నుంచి డాక్టరు ఫీజు దాకా ప్రతి దానికీ విడి బిల్లు.

ఈ తేడా కాన్పుల దగ్గర కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం కాన్పులు సిజేరియన్లే, సర్కారులో 44.5. ఆంధ్రలో 63, 26.6. సాధారణ కాన్పుకి రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి, బిల్లు చిన్నది. సిజేరియన్ గంటలో అయిపోతుంది, బిల్లు పెద్దది. తప్పంతా డబ్బుదేననీ అనలేం: జీతాల మీద నడిచే చోట కూడా 44.5 ఉందంటే ముహూర్తాల పిచ్చి, మొదటిది కోతయితే రెండోదీ కోతే అనే అలవాటు కూడా ఉన్నాయి.

బీపీ, షుగర్ వంటి చిక్కులేమీ లేని గర్భిణికి ఏరియా ఆసుపత్రే మేలు. మందులు, పరీక్షలు, రక్తం, రానూపోనూ వాహనం, సాధారణ కాన్పుకి 3 రోజులు, సిజేరియన్‌కి 7 రోజుల దాకా భోజనం ఉచితంగా ఇవ్వాలన్నది నిబంధన. ముందే అడగాల్సింది ఒకటుంది: రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారా? లేరంటే నొప్పులు మొదలయ్యాక జిల్లా ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది. ఎనిమిదో నెలలోనే ఆ సంగతి తేల్చుకోవాలి.

గుండె ఆపరేషన్, క్యాన్సర్ లాంటి వాటికి తెల్లకార్డు కుటుంబానికి ఆరోగ్యశ్రీ ప్యాకేజీని మించింది లేదు. 2007లో మూడు జిల్లాల్లో మొదలైన పథకం ఇది. 2023 చివరికి చికిత్స ఖర్చు పరిమితి ఆంధ్రలో 25 లక్షలకు, తెలంగాణలో 10 లక్షలకు పెరిగింది. ఇందులో అనవసర పరీక్ష రాస్తే ఆసుపత్రికే నష్టం. అదే దీని బలం, అదే దీని రోగం. రేటు గిట్టుబాటు కాకపోతే తేలిక కేసులు తీసుకుని, పది జబ్బులున్న ముసలాయనకి ‘బెడ్లు లేవు’ అంటారు. సర్కారు బకాయిలు పేరుకుంటే ముందు చేతులెత్తేది చిన్న నర్సింగ్ హోములే. రెండు రాష్ట్రాల్లోనూ సేవలు ఆపేసిన సందర్భాలున్నాయి.

వెళ్లగానే ఆరోగ్యమిత్ర కౌంటర్లో కార్డు చూపించి, మీ ఆపరేషన్ జాబితాలో ఉందో లేదో, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో అడగండి. అనుమతి వచ్చిన కేసుకి పరీక్షల పేరుతో డబ్బు కట్టమంటే రసీదు పట్టుబట్టి తీసుకుని 104కి ఫోన్ చేయండి. డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కూడా ప్యాకేజీలోవే. చాలామంది అవి అడగకుండానే ఇంటికి వచ్చేస్తారు.

తెల్లకార్డు లేని మధ్యతరగతికి దిక్కు బీమా. ఇక్కడ ముంచేది గది అద్దె. 5 లక్షల పాలసీలో గది పరిమితి 1 శాతం, అంటే రోజుకి 5,000 అనుకుందాం. మీరు 10,000 గదిలో చేరితే కోత ఆ తేడాతో ఆగదు. సర్జన్ ఫీజు, థియేటర్, నర్సింగ్ చార్జీల్లోనూ సగమే ఇస్తారు. అవి 2 లక్షలైతే లక్ష మీ జేబులోంచే. మందులకీ, ఇంప్లాంట్లకీ, పరీక్షలకీ ఈ కోత వర్తించదు. గది పరిమితి లేని పాలసీకి ప్రీమియం కాస్త ఎక్కువైనా అదే నయం. ధరల నియంత్రణ వల్లే అంతా చక్కబడుతుందన్న ఆశా పెట్టుకోవద్దు. 2017లో గుండె రక్తనాళంలో పెట్టే మందు పూత స్టెంట్‌కి 29,600 అని కేంద్రం గీత గీసింది కానీ, అదే బిల్లులోని మిగతా పద్దులకి ఆ గీత లేదు.

ఇంతకీ ఈ పథకాలూ పాలసీలూ ఎక్కువగా పట్టించుకునేది ఆసుపత్రిలో చేరినవాణ్ణే. నెలనెలా బీపీ, షుగర్ మాత్రలు కొనుక్కునేవాడి ఖర్చు వీటిలోకి రాదు. 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. అందులో మందులది పెద్ద వాటా. ఈ ఒక్క విషయంలో ప్రైవేటు సర్కారుకి సాటి రాదు. రాష్ట్రమంతటికీ కలిపి, జెనెరిక్ పేరుతో (బ్రాండు కాకుండా మందు అసలు పేరుతో) టోకుగా కొంటే మాత్ర ధర మందుల షాపు ధరలో చిన్న వంతుకి పడిపోతుంది. చెడేది సరఫరా దగ్గర: ఇండెంట్ (మందుల కోసం పంపే ఆర్డరు) ఆలస్యమై పీహెచ్‌సీలో స్టాకు అయిపోతే, రోగి రెండు నెలలు మాత్ర మానేస్తాడు, బీపీ ఊరుకోదు. కిడ్నీలు పాడయ్యాక వారానికి మూడుసార్లు డయాలసిస్, అదీ జీవితాంతం. ఆ ప్యాకేజీ డబ్బు కట్టేదీ అదే ఖజానా. కొత్తగా ఒక రూపాయి ఉంటే ముందు మాత్రలకి పెట్టాలి, తర్వాతే పథకం పరిమితి పెంచాలి. బడ్జెట్ ప్రసంగాల్లో మాత్రం ఎప్పుడూ పరిమితే పెరుగుతుంది. అందాకా మాత్రలు వాడేవాళ్లు వారం ముందే పీహెచ్‌సీలో స్టాకు కనుక్కుని, లేకపోతే చీటీ మీద మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి కేంద్రానికి వెళ్లడం మంచిది.