ఓపియాయిడ్ పరిహారం సొమ్ము: ఆప్షన్ ఎ మేలా, ఆప్షన్ బి మేలా?

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, ఓపియాయిడ్ (నల్లమందు తరహా నొప్పి మందులు) వ్యసనం వ్యాపించినందుకు కంపెనీలు కట్టే పరిహారంలో 85 శాతం కౌంటీలకూ (మన జిల్లాల్లాంటివి) నగరాలకూ వెళ్తుంది. దాన్ని ఖర్చుపెట్టడానికి రెండు దారులున్నాయి.

ఆప్షన్ ఎ అంటే 12 పనుల చిన్న జాబితా. మందులతో చికిత్స, కోలుకుంటున్నవారికి ఇల్లు, ఉపాధి, నాలొక్సోన్ (మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే విరుగుడు) పంపిణీ, జైల్లో వైద్యం లాంటివి. కౌంటీ పాలక బోర్డు తీర్మానం చేసి పని మొదలుపెట్టొచ్చు. తీర్మానంలో జాబితాలోని అంశం నంబరు, మొత్తం, కాలపరిమితి ఉండాలి. ‘వ్యసన విముక్తి సేవలకు’ అని గుండుగుత్తగా రాస్తే కుదరదు. సొమ్మును విడి నిధిలోనే ఉంచాలి.

ఆప్షన్ బి జాబితా చాలా పెద్దది. కానీ ముందు 14 అంచెల ఉమ్మడి ప్రణాళిక పూర్తిచేసి, సిఫార్సులను బోర్డు ముందు పెట్టాలి. బాధిత కుటుంబాల మాట వినిపించేది ఇక్కడే, అందుకే ఈ శ్రమ వృథా కాదు.

చిన్న కౌంటీ ఎ తోనే మొదలుపెట్టాలని మా గట్టి అభిప్రాయం. ప్రణాళిక ఖర్చు కూడా అందులో మొదటి అంశమే కాబట్టి, బి కి దారి మూసుకుపోదు.

ఎ జాబితాలో ముందుగా జైలు వైద్యం చూడండి. లోపల ఉన్నన్నాళ్లలో శరీరానికి మత్తు అలవాటు తగ్గిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకని లోపల బ్యుప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే మందు) ఆపకూడదు. విడుదల రోజు చేతిసంచిలో మూడుండాలి: రెండు 4 మిల్లీగ్రాముల నాలొక్సోన్ ముక్కు స్ప్రేలు, క్లినిక్‌కు వెళ్లేదాకా సరిపడా బ్యుప్రెనార్ఫిన్, అపాయింట్‌మెంట్ చీటీ. బ్యుప్రెనార్ఫిన్ వాడేవారిని చేర్చుకోని వసతి గృహానికి మాత్రం డబ్బివ్వకండి. అక్కడ చేరాలంటే వాళ్లు ఆ చికిత్స మానాల్సి వస్తుంది.