హాలు చప్పట్లా, జడ్జి మార్కులా, తోటి ఎడిటర్ ఓటా: ఏఎంవీ పోటీల్లో ఏ గెలుపు మేలు?

ఏఎంవీ పోటీలో గెలిస్తే చేతికి వచ్చేది పెద్దగా ఏమీ ఉండదని ముందే ఒప్పేసుకుందాం. ఒక చిన్న ట్రోఫీయో, మెడలో వేసుకునే బ్యాడ్జో, ప్రొఫైల్‌లో రాసుకోవడానికి ఒక లైనో, అంతే. బొమ్మలు ఒకరివి, పాట ఇంకొకరిది కాబట్టి చేసిన వీడియోని అమ్ముకునే దారి కూడా లేదు. అయినా జనం నెలల తరబడి రాత్రిళ్లు కూర్చుని నాలుగు నిమిషాల వీడియో చేసి పోటీకి పంపుతారు. పరువు కోసం. ఇక్కడ కూలీ అంతా పరువు రూపంలోనే ముడుతుంది. అందుకే ఏ పోటీ పరువు ఎక్కువ అనే గొడవ బయటివాళ్లకి నవ్వులాటగా కనిపించినా, ఎడిటర్లకి అది ఎక్కడ జీతం ఎక్కువ అని అడగడం లాంటిదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అనిమే అంటే జపాన్ యానిమేషన్. ఏఎంవీ అంటే అనిమే మ్యూజిక్ వీడియో. అనిమే సీన్లని కోసి, దానికి సంబంధం లేని పాట మీద కొత్త వరసలో పేర్చడం. మొదటి ఏఎంవీ అని ఎక్కువమంది చెప్పేది 1982 నాటిది. అమెరికాలో జిమ్ కపోస్టాస్ అనే 21 ఏళ్ల కుర్రాడు రెండు వీసీఆర్‌లు ఒకదానికొకటి తగిలించి, 'స్టార్ బ్లేజర్స్' అనే అనిమే సిరీస్‌లోని భీకరమైన యుద్ధం సీన్లని బీటిల్స్ ప్రేమ పాట మీద అతికించాడు. నవ్వించడానికే చేశాడు. ఆ నవ్వు నుంచే పోటీలు, కేటగిరీలు, రూల్స్ పుస్తకాలు, అలకలు అన్నీ పుట్టుకొచ్చాయి.

ముందు హాలు సంగతి. లాస్ ఏంజెలెస్‌లో జరిగే అనిమే ఎక్స్‌పో, 2017 నుంచి వాషింగ్టన్‌లో జరుగుతున్న ఒటాకాన్ (అంతకుముందు బాల్టిమోర్‌లో జరిగేది), సియాటిల్ సకురా-కాన్, అనిమే బోస్టన్, ఇలా అమెరికాలో పేరున్న కన్వెన్షన్లలో, అంటే అనిమే అభిమానుల జాతరల్లో, ఏఎంవీ పోటీ ఒక పెద్ద ఆకర్షణ. మామూలుగా పద్ధతి ఏంటంటే, వచ్చిన ఎంట్రీలన్నిటినీ నిర్వాహకులు ముందే చూసి, యాక్షన్, డ్రామా, కామెడీ, రొమాన్స్ అంటూ కేటగిరీకి కొన్ని చొప్పున ఫైనలిస్టుల్ని తీస్తారు. ఆ ఫైనలిస్టుల్ని చీకటి హాల్లో పెద్ద తెర మీద వేస్తారు. జనం కాగితం మీదో ఫోన్‌లోనో ఓటేస్తారు.

ఆ హాల్లో వచ్చే కిక్ ఇంకెక్కడా రాదు. మీరు పదమూడు సార్లు మార్చిన జోక్ దగ్గర హాలంతా ఒక్కసారిగా నవ్వితే, మిగతా బహుమతులన్నీ గాలికే. కానీ హాలుకి కొన్ని బలహీనతలున్నాయి. తెర మీద ఆ ఏడాది అందరూ చూస్తున్న సిరీస్ మొదటి ఫ్రేమ్ పడగానే ఈలలు మొదలవుతాయి. ఎడిటింగ్ ఇంకా మొదలే కాలేదు, ఓట్లు పడిపోయాయి. ఎవరూ చూడని పాత సిరీస్ తీసుకుని ప్రాణం పెట్టి చేసినవాడికి మర్యాదగా చప్పట్లు పడతాయి, అంతే. ఇంకొకటి, కామెడీ. రెండు గంటలు కుర్చీలో కూర్చున్న జనానికి నవ్వించినవాడే దేవుడు. అందుకే మొత్తం మీద ఉత్తమ వీడియో అనే బహుమతి జనం ఓటుతో తేలే చోట కామెడీలకు పుట్టుకతోనే ఒక మెట్టు ఎక్కువ. పగలబడి నవ్విన వీడియో వెంటనే ఒక ఏడుపు వీడియో పడిందా, ఆ పాపం ఎడిటర్‌ది కాదు, వరస పేర్చినవాడిది.

నా లెక్కలో హాలు పోటీలో అసలు పరువు ట్రోఫీలో లేదు, ఫైనలిస్టు కావడంలో ఉంది. వడపోత దగ్గర కూర్చున్నవాళ్లు ఏళ్ల తరబడి ఏఎంవీలు చూసి కళ్లు అరిగినవాళ్లు. వాళ్ల చేతి నుంచి బయటపడటమే కష్టం. ఆ తర్వాత జరిగేది సగం వాతావరణం.

ఆ వడపోత ఎంత కఠినమో నాకు చేదుగా తెలుసు. ఇలాంటి పోటీల రూల్స్‌లో దాదాపు అన్నిచోట్లా కనిపించేది ఒకటుంది: సబ్‌టైటిల్స్ ఉండకూడదు, టీవీ చానెల్ లోగో ఉండకూడదు. నేను ఒకసారి శుభ్రమైన డిస్క్ నుంచే సీన్లన్నీ తీసుకున్నాను, ఒక్క షాట్ తప్ప. అది ఆ డిస్క్‌లో లేదు. ఇంకెక్కడి నుంచో తెచ్చి, కింద ఉన్న సబ్‌టైటిల్ తెర బయటికి పోయేంత వరకు జూమ్ చేశాను. పోయిందనుకున్నాను. 14 ఫ్రేముల పాటు రెండు అక్షరాల పైకొసలు తెర అంచున మిగిలిపోయాయి. అర సెకను కంటే కాస్త ఎక్కువ, అంతే. వీడియో మొదటి గడప దగ్గరే ఆగిపోయింది. కోపం వచ్చింది కానీ, కనిపెట్టినవాడి కంటికి దణ్ణం పెట్టాలనిపించింది.

ఇక తోటివాళ్ల ఓటు. అట్లాంటాలో జరిగే 'అనిమే వీకెండ్ అట్లాంటా' అనే కన్వెన్షన్‌లో 'ప్రో' అనే పోటీ ఉంది. ప్రో అంటే డబ్బు తీసుకుని చేసేవాళ్లని కాదు, చేయి తిరిగినవాళ్లని. దాని ప్రత్యేకత, గెలిచేది ఎవరో పోటీలో ఉన్న ఎడిటర్లే తేలుస్తారు. అంటే మీకు ఓటేసేవాడు మీలాగే టైమ్‌లైన్ ముందు వెన్ను నొప్పి తెచ్చుకున్నవాడు. వాడిని మోసం చెయ్యడం కుదరదు.

ఎందుకు కుదరదో చెప్పడానికి కాస్త దగ్గరికి వెళ్లాలి. అనిమే సెకనుకి 24 ఫ్రేములు. పాట నిమిషానికి 120 బీట్ల వేగంలో ఉంటే, ఒక్కో బీట్‌కి అర సెకను, అంటే 12 ఫ్రేములు. కట్‌ని సరిగ్గా ఆ పన్నెండో ఫ్రేమ్ మీద వెయ్యడం ఎవరైనా నేర్చుకోవచ్చు. దాన్ని ఎడిటర్లు ఎక్స్‌టర్నల్ సింక్ అంటారు. అసలు పని ఇంటర్నల్ సింక్. అంటే కట్ లేకుండా, షాట్ లోపల జరిగే కదలికే బీట్ మీద పడాలి. కత్తి తగిలే క్షణం, తల తిప్పే క్షణం, తలుపు మూసుకునే క్షణం. అనిమేలో చాలా చోట్ల ఒకే బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు నిలిపి ఉంచుతారు, కాబట్టి కదలిక మెట్లు మెట్లుగా నడుస్తుంది. ఆ మెట్టు బీట్ కంటే రెండు ఫ్రేములు ముందు పడితే, షాట్‌ని కాస్త వెనక్కి జరపాలి. జరిపితే దాని తర్వాతి మూడు షాట్లు కదిలిపోతాయి. అదే షాట్‌లో రెండో దెబ్బ కూడా రెండో బీట్ మీద పడాలంటే మధ్యలో ఒక బొమ్మని కొంచెం సాగదీయాలి, సాగదీసినట్టు తెలియకూడదు. హాల్లో జనం ఇదంతా 'భలే ఉందే' అనే ఒక్క మాటలో అనుభవించి వదిలేస్తారు. తోటి ఎడిటర్ మాత్రం కుర్చీలో ముందుకి వంగి, 'ఇది ఎలా చేశాడు?' అనుకుంటాడు.

పెదాల పని కూడా అంతే. అనిమేలో మాట్లాడే నోటికి చాలాసార్లు మూడే ఆకారాలు: మూసినది, సగం తెరిచినది, పూర్తిగా తెరిచినది. వాటిని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా విడదీసి, పాటలోని అక్షరాల ప్రకారం మళ్లీ పేర్చితే ఆ పాత్రే ఆ పాట పాడుతున్నట్టుంటుంది. నోరు కదులుతుంటే వెనక వర్షం కూడా పడుతోందనుకోండి, నోటిని మాత్రమే వేరు చేసి అతికించాలి, లేకపోతే వాన చినుకులు వెనక్కి ముందుకి గెంతుతాయి. నా లాంటివాడికి వర్షం సీన్‌లో లిప్ సింక్ చూస్తే చెమట పడుతుంది.

అందుకే ఎడిటర్ల మధ్య అడిగితే, తోటివాళ్ల ఓటుతో వచ్చిన బహుమతికే బరువెక్కువ అంటారు. నేనూ అంటాను. అయితే ఇందులో ఇంకో జబ్బు ఉంది. పని తెలిసినవాళ్లు కష్టాన్ని చూసి మురిసిపోతారు. ఎఫెక్ట్ మీద ఎఫెక్ట్ వేసి, ప్రతి ఫ్రేమ్‌కీ పొగ, మెరుపు, అక్షరాలు అంటించిన వీడియోకి 'ఎంత పనిరా బాబూ' అని ఓటు పడుతుంది, కథ ఏంటో ఎవరికీ గుర్తుండదు. పైగా అందరూ ఒకరికొకరు తెలుసు. పేరు చూడగానే మనసు మెత్తబడేది ఇక్కడే. పేర్లు దాచి ఓటింగ్ పెట్టే పోటీలు ఉన్నా, మూడో షాట్‌కే ఇది ఎవరి చెయ్యో కనిపెట్టేసే ఘనులు ఉంటారు.

మూడోది జడ్జీల పోటీ. ఆన్‌లైన్‌లో జరిగే వాటిలో రష్యాలో పుట్టిన అక్రాస్ కాన్ పేరు ఎడిటర్లందరికీ తెలుసు. వేరే దేశాల నుంచి కూడా ఎంట్రీలు వస్తాయి. జ్యూరీ కూర్చుని మార్కులు వేస్తుంది. ఈ రకం పోటీల్లో హాలు ఉండదు, ఈలలు ఉండవు. జడ్జి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వెనక్కి తిప్పి మళ్లీ చూస్తాడు. ఎంత తప్పు దాచినా రెండోసారి చూసినప్పుడు దొరుకుతుంది. లోపం ఏంటంటే, జ్యూరీ అంటే పదిమందిలోపే మనుషులు, వాళ్ల అభిరుచే చట్టం. జ్యూరీకి నచ్చే తరహా ఇదీ అని ఒకసారి బయటికి పొక్కిందంటే, మరుసటి ఏడాది సగం ఎంట్రీలు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి.

అయినా కొత్తగా చేస్తున్నవాళ్లకి నా ఓటు దీనికే. హాలు పోటీకి మీరు దూరం నుంచి వీడియో పంపొచ్చు, గెలవొచ్చు కూడా, కానీ ఆ చప్పట్లు మీ చెవిన పడవు. గెలిచామని ఒక మెయిల్ వస్తుంది. ఓడిపోతే అదీ రాదు. జ్యూరీ పోటీలో, మార్కులతో పాటు రెండు ముక్కలు రాసే జడ్జి దొరికితే, ఓడినా చేతిలో ఏదో ఒకటి మిగులుతుంది. 'పాట రెండో చరణంలో మీ దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది' అన్న ఒక్క వాక్యం నాకు ఏ ట్రోఫీ నేర్పనిది నేర్పింది. రెండు రోజులు తిట్టుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

ఏఎంవీలు ఉంచే వెబ్‌సైట్‌లో సభ్యుల ఓటు ఒకప్పుడు ఇంకో దారి. యానిమే మ్యూజిక్ వీడియోస్ డాట్ ఆర్గ్, ఎడిటర్లు ముద్దుగా 'ఆర్గ్' అంటారు, ఏటా వ్యూయర్స్ ఛాయిస్ అవార్డులు ఇచ్చేది. ఏడాది పొడవునా వచ్చిన వీడియోల్ని తీరిగ్గా చూసి, ముందు నామినేట్ చేసి, తర్వాత ఓటేయడం. హాల్లో ఒక్కసారి మెరిసి ఆరిపోయే వీడియో అక్కడ నిలిచేది కాదు. ఆ సైట్ వెలిగిన రోజుల్లో దానికి ఉన్న గౌరవం ఇప్పుడు పుట్టిన ఎడిటర్లకి చెబితే తాతల నేతుల కథలా ఉంటుంది.

అదే సైట్‌కి 2005లో ఒక దెబ్బ తగిలింది. విండ్-అప్ రికార్డ్స్ అనే సంగీత కంపెనీ తన కళాకారుల పాటలు వాడిన వీడియోలన్నీ తీసేయమంది. ఎవనెసెన్స్, క్రీడ్, సీథర్ పాటలతో చేసినవి మూడు వేలకు పైగా వీడియోలు ఒక్కసారిగా పోయాయి. పాట ఎంచుకున్నప్పుడు ఎవరూ ఊహించని సంగతి. యూట్యూబ్‌లో ఇప్పటికీ అంతే, కంటెంట్ ఐడీ అనే యంత్రం పాటని పట్టేసి, పాట హక్కుదారు ఆపమంటే వీడియో ఆగిపోతుంది, కింద ఉన్న లక్షల వ్యూస్ కూడా దానితో పాటే. వ్యూస్‌ని పరువు కింద లెక్కపెట్టేవాళ్లకి నేను ఇదొక్కటే చెబుతాను. డ్రాగన్ బాల్ జెడ్ అనే అనిమే మీద లింకిన్ పార్క్ అనే రాక్ బ్యాండ్ పాట వేసిన వీడియోలు ఒక తరం మొత్తం చూసింది. వాటిలో ఏ ఒక్కటీ ఎవరు చేశారో చెప్పమనండి.

మరి ఏది మేలు? మొదటి వీడియో పంపేవాళ్లయితే జ్యూరీ పోటీ. పది వీడియోలు చేసి, చెయ్యి కుదిరిందని నమ్మకం వచ్చినవాళ్లయితే తోటి ఎడిటర్లు తేల్చే పోటీ. కామెడీ చేశారా, ఇంకేం ఆలోచించకుండా హాలుకి పంపండి, వీలైతే ఆ హాల్లో మీరూ వెనక వరసలో కూర్చోండి. ఒకటి మాత్రం ముందే చూసుకోండి. కొన్ని పోటీలు అంతకుముందు ఎక్కడా విడుదల కాని వీడియోలే తీసుకుంటాయి, కొన్ని ఎన్ని నెలల క్రితం చేసినవో లెక్క చూస్తాయి. వీడియో పూర్తవగానే ఆత్రం కొద్దీ ఆన్‌లైన్‌లో పెట్టేసి, తర్వాత రూల్స్ చదివి నాలుక కరుచుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

నా కొత్త వీడియో ఈసారి తోటివాళ్ల ఓటుకే పోతోంది. అందులో వర్షం సీన్ లేదు. కింది అంచుని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా మూడుసార్లు చూశాను. నాలుగోసారి రేపు చూస్తాను.