ఆ ప్రకటనకు డబ్బు కట్టిందెవరు? మెటా, గూగుల్ యాడ్ లైబ్రరీల రివ్యూ

ఎన్నికల కరపత్రం చేతికొస్తే కింద చిన్న అక్షరాల్లో ప్రెస్ పేరు, అచ్చు వేయించిన వారి పేరు కనిపిస్తాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం అవి ఉండి తీరాలి. ఫోన్‌లో రీల్స్ మధ్య దూరే ప్రకటన అలా కాదు. పైన 'స్పాన్సర్డ్', పక్కన 'పెయిడ్ ఫర్ బై' అని ఒక పేరు ఉంటుంది కానీ అది చదివేలోపే వేలు పైకి జరిగిపోతుంది, మళ్లీ ఆ ప్రకటన కనపడదు. దాన్ని తర్వాత వెతికి పట్టుకోవడానికి ఓటరు చేతిలో ఉన్నవి ప్రధానంగా రెండే: ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకు మెటా యాడ్ లైబ్రరీ, యూట్యూబ్, సెర్చ్ ప్రకటనలకు గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్. రెండూ ఉచితం. 2019 లోక్‌సభ ఎన్నికల ముందు రెండు కంపెనీలూ మన దేశపు రాజకీయ ప్రకటనలను ఇలా బయటపెట్టడం మొదలుపెట్టాయి. పార్టీ ఏదైనా, ఎవరి మీద ఎంత అభిమానమున్నా, ఎన్నికల ఖర్చు గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ వీటిని వాడటం నేర్చుకోవాలి. అయితే ఇవి చూపేది రసీదు మీది పేరు మాత్రమే, దాని వెనకున్న జేబును కాదు. ఆ తేడా తెలియకుండా వాడితే తప్పు లెక్కలు చెప్పే ప్రమాదం ఉంది.

ముందు మెటా లైబ్రరీ. తెరవగానే దేశం దగ్గర ఇండియా, విభాగం దగ్గర 'ఇష్యూస్, ఎలక్షన్స్ ఆర్ పాలిటిక్స్' ఎంచుకోవాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. విభాగాన్ని 'ఆల్ యాడ్స్' దగ్గరే వదిలేస్తే ప్రస్తుతం నడుస్తున్నవి ముందుకొస్తాయి తప్ప పాతవి సరిగా దొరకవు. రాజకీయ విభాగంలో చేరిన ప్రకటన ఆగిపోయాక కూడా ఏడేళ్లు లైబ్రరీలో ఉంటుంది. ఆ విభాగంలోకి రానిది మన దేశంలో ప్రచారం ఆగిన వెంటనే లైబ్రరీలోంచి మాయమవుతుంది. ఊళ్లో చోటా నాయకుడు తన ఫొటోతో పండగ శుభాకాంక్షల పోస్టును డబ్బు కట్టి బూస్ట్ చేసి, రాజకీయ ప్రకటనగా ప్రకటించుకోలేదనుకోండి. మెటా దాన్ని పట్టుకుంటే ఆపేసి, 'డిస్‌క్లైమర్ (డబ్బు కట్టినవారి పేరు) లేకుండా నడిచింది' అన్న గుర్తుతో లైబ్రరీలో చేరుస్తుంది. పట్టుకోకపోతే దాని జాడే మిగలదు. అందుకే సర్పంచ్, మున్సిపల్ ఎన్నికల వేళ మాత్రం పని రివర్స్‌లో చేయాలి: ప్రకటన నడుస్తుండగానే 'ఆల్ యాడ్స్'లో పేజీ పేరుతో వెతికి స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

తెలుగులో వెతకడం కాస్త ఓపిక కోరుతుంది. మన భాషలో విభక్తి మాటకు అతుక్కుపోతుంది కదా, 'చంద్రబాబు'కు దొరికినవన్నీ 'చంద్రబాబుకు', 'చంద్రబాబుతో' అని వెతికితే రావు. 'జగనన్న' వేరు, 'జగన్ అన్న' వేరు. 'గ్యారంటీ' ఒకరు రాస్తే 'గ్యారెంటీ' ఇంకొకరు రాస్తారు. పొల్లు తర్వాత ప్రత్యయం వచ్చే 'కాంగ్రెస్‌ను' లాంటి మాటల్లో కొన్ని కీబోర్డులు కంటికి కనపడని ఒక అక్షరాన్ని చొప్పిస్తాయి, కొన్ని చొప్పించవు. చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. కాబట్టి ఒక్కో పేరుకు నాలుగైదు రూపాలు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు రూపం ఒకటి, విడివిడిగా వెతకాలి. పథకం పేరు యథాతథంగా కావాలంటే కోట్ గుర్తుల మధ్య పెట్టాలి. పోస్టర్ మీద ముద్రించిన అక్షరాలను, వీడియోలో చెప్పిన మాటలను ఈ సెర్చ్ పట్టుకుంటుందని నమ్ముకోవద్దు. అది చూసేది ప్రకటనతో పాటు టైపు చేసిన రాతను. ప్రత్యర్థిని తిట్టే వీడియోలకు చాలాసార్లు పైన రాత పెద్దగా ఉండదు గనుక, వాటి కోసం పేజీ పేరుతో వెతకడమే దారి.

ప్రకటన దొరికాక 'సీ యాడ్ డీటెయిల్స్' నొక్కితే అసలు సరుకు కనిపిస్తుంది. ఖర్చు ఒక పరిధిలో ఉంటుంది, ఉదాహరణకు పది వేల నుంచి పదిహేను వేల రూపాయలు. ఇంప్రెషన్స్, అంటే ప్రకటన తెర మీద కనిపించిన సార్లు, కూడా పరిధిలోనే. 10 లక్షలు దాటితే 'పది లక్షలకు పైన' అని ఆగిపోతుంది, అది పదకొండు లక్షలైనా కోటైనా మనకు తెలియదు. ఇంప్రెషన్ అంటే మనిషి కాదు. ఒకరే మూడుసార్లు చూస్తే మూడు లెక్క. 'ఈ ప్రకటనను ఇన్ని లక్షలమంది చూశారు' అని వార్త రాసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. వయసు, ఆడా మగా, రాష్ట్రం వారీ వాటాలు కూడా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడిగా కనిపిస్తాయి, జిల్లా గానీ నియోజకవర్గం గానీ కనిపించవు. నా దృష్టిలో ఈ లైబ్రరీకున్న అతిపెద్ద లోటు ఇదే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రాల్లో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పరిమితి నియోజకవర్గానికి కట్టుబడి ఉంటే, లైబ్రరీ చూపే లెక్క రాష్ట్రం దగ్గర ఆగిపోతోంది. ప్రకటనను ఏ ఊళ్లకు గురిపెట్టారో కంపెనీ దగ్గర ఉంటుంది, ఎందుకంటే గురిపెట్టే పని జరిగేదే దాని తెర మీద. బయటపెట్టడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు.

డిస్‌క్లైమర్ వివరాలు తప్పకుండా తెరిచి చూడాలి. డబ్బు కట్టినవారు ఇచ్చిన చిరునామా, ఫోన్, ఈమెయిల్, వెబ్‌సైట్ అక్కడ ఉంటాయి. పార్టీ పేరు నేరుగా ఉంటే ఇబ్బంది లేదు. మీమ్ పేజీకో, 'ఫలానా ప్రాంత గొంతుక' లాంటి పేరున్న పేజీకో వచ్చినప్పుడు ఇంకో అడుగు వేయాలి. ఫేస్‌బుక్‌లో ఆ పేజీ 'అబౌట్' కింద 'పేజ్ ట్రాన్స్‌పరెన్సీ' తెరిస్తే పేజీ ఎప్పుడు పుట్టిందో, ఎన్నిసార్లు పేరు మారిందో, నడిపేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారో తెలుస్తుంది. నిన్నటిదాకా సినిమా అభిమానుల పేజీగా ఉన్నది ఎన్నికల షెడ్యూలు రాగానే పేరు మార్చుకుంటే అది అక్కడ పట్టుబడుతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మనవాళ్లు ఊరి ఎన్నికల కోసం పేజీ నడపొచ్చు కానీ, ఇండియాలో రాజకీయ ప్రకటన వేయాలంటే మెటా నియమం ప్రకారం ప్రకటనకర్త ఇండియాలోనే ఉండి గుర్తింపు రుజువు చేసుకోవాలి. కాబట్టి అడ్మిన్లంతా విదేశంలో, డబ్బు కట్టినవారు ఇక్కడ అన్న అమరిక కనిపిస్తే ఆ డిస్‌క్లైమర్‌ను మరింత జాగ్రత్తగా చూడాలి.

చాలామంది గమనించనిది 'ఆడియన్స్' ట్యాబ్. పేజీ ఫలితాల్లోకి వెళ్లి దాన్ని నొక్కితే, గడిచిన 7, 30, 90 రోజుల్లో ఆ పేజీ తన డబ్బులో ఎంత వాటా ఏ వయసుకు, ఏ ప్రాంతానికి, ఏ ఆసక్తులకు, సొంతంగా ఎక్కించిన జాబితాలకు గురిపెట్టిందో శాతాల్లో వస్తుంది. చివరిది ముఖ్యం. ఫోన్ నంబర్ల జాబితా ఎక్కించి ఆ మనుషులకే ప్రకటన చూపించడం మెటాలో కుదురుతుంది. ఆ నంబర్లు ఎక్కడివన్న ప్రశ్న అక్కడినుంచే మొదలవ్వాలి.

మొత్తం ఖర్చు కావాలంటే ఒక్కో ప్రకటనా కూడుకుంటూ కూర్చోనక్కర్లేదు. 'యాడ్ లైబ్రరీ రిపోర్ట్'లో తేదీ, వ్యవధి ఎంచుకుంటే జిప్ ఫైలు దిగుతుంది. అందులో ప్రకటనకర్తలందరి సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక ఫైలు) ఒకటి, రాష్ట్రాల మొత్తాలది ఒకటి, విడిగా ఒక ఫోల్డర్‌లో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఫైలు. అసలు చిక్కులన్నీ ఎక్సెల్‌లో మొదలవుతాయి. రెండుసార్లు క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు పిచ్చి గీతలుగా మారతాయి. ముందు ఖాళీ షీటు తెరిచి, 'డేటా'లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా ఫైలు ఎంచుకుని, ఎన్‌కోడింగ్ దగ్గర 65001 యూటీఎఫ్-8 పెడితే సరిపోతుంది. ఖర్చు కాలమ్‌లో వంద రూపాయలు, అంతకు తక్కువ పెట్టినవారికి అంకె బదులు 'వందకు మించదు' అనే గుర్తుతో వస్తుంది. ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా చదివి కూడికలోంచి వదిలేస్తుంది. ఆ గడులను 100గా మార్చాలి, లేదా వాటిని వదిలేశామని రాసుకోవాలి. ఒకే పేజీ వేర్వేరు డిస్‌క్లైమర్లతో డబ్బు కడితే అన్ని వరుసలుగా వస్తుంది, కాబట్టి పేరుతో కాకుండా పేజ్ ఐడీతో పివట్ చేయాలి, అంటే ఒకే ఐడీ ఉన్న వరుసలన్నీ కలిపి కూడాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు పార్టీ ఖర్చును పార్టీ పేజీ ఒక్కదానితో లెక్కగట్టడం. కేంద్ర పేజీ, రాష్ట్ర శాఖ, నాయకుడి పేజీ, యువజన విభాగం, అభ్యర్థుల పేజీలు అన్నీ విడివిడి వరుసలు. ముందు జాబితా తయారు చేసుకుని, ఏ పేజీని ఏ పార్టీకి ఎందుకు చేర్చారో పక్కన రాసుకోకపోతే ఆ మొత్తాన్ని ఎవరూ సరిచూడలేరు.

ఇక పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు ప్రచారం ఆపాల్సిన 'నిశ్శబ్దం' సంగతి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ పోలింగ్ జరిగింది. సాయంత్రం 6కు ముగిసిన చోట్ల నిశ్శబ్దం మే 11 సాయంత్రం 6కు మొదలైనట్టు. ఆ రోజుల్లో ప్రకటనలు నడిచాయా అని చూడాలంటే తేదీ ఫిల్టర్ మే 12కు పెట్టి, వచ్చిన ప్రతిదాన్లో రాష్ట్రం వాటా చూడాలి. అదే సమయంలో వేరే దశల్లో పోలింగ్ ఉన్న రాష్ట్రాలకు ప్రకటన చట్టబద్ధమే, కాబట్టి జాతీయ పార్టీ ప్రకటన కనిపించిందని వెంటనే వేలెత్తి చూపకూడదు. ఇంకో మెలిక: మే 5 నుంచి 14 దాకా నడిచిన ప్రకటనకు మొత్తం ఖర్చే కనిపిస్తుంది, 12న ఎంతో కనిపించదు. దానికి మందు ఒక్కరోజు రిపోర్ట్. మే 12 తేదీతో ఒక రోజు వ్యవధి ఎంచుకుని, తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ ఫైలు తెరిస్తే ఆ రోజు ఆ రాష్ట్రంలో ఏ పేజీ ఎంత పెట్టిందో వరుసగా ఉంటుంది. ఫిర్యాదుకు జత చేయాల్సింది ఆ ఫైలే. 2019 మార్చిలో కంపెనీలు ఒప్పుకున్న స్వచ్ఛంద నియమావళి ప్రకారం, నిశ్శబ్ద వ్యవధి ఉల్లంఘనపై ఎన్నికల సంఘం తెలియజేస్తే 3 గంటల్లో చర్య తీసుకోవాలి.

గూగుల్ సెంటర్ దీనికంటే పొందికగా ఉంటుంది, కానీ ఇరుకు. 'పొలిటికల్ యాడ్స్' పేజీలో ఇండియా ఎంచుకుంటే రాష్ట్రాలవారీ ఖర్చు మ్యాపు, ఎక్కువ ఖర్చు పెట్టినవారి జాబితా ముందే ఉంటాయి. ఒక్క చూపులో బొమ్మ అర్థమవుతుంది, ఈ విషయంలో మెటా కంటే మెరుగు. అప్పటిదాకా పెట్టినదంతా కలిపి బీజేపీ ఖర్చు 2024 ఏప్రిల్‌లో 100 కోట్లు దాటిందన్న లెక్క ఇక్కడినుంచి తీసిందే. అయితే వెతకడం ప్రకటనకర్త పేరుతోనో వెబ్‌సైట్‌తోనో మాత్రమే. ప్రకటనలోని మాటతో వెతకలేం. ఇక్కడ పేరు అసలు చిక్కు: 2019లో టీడీపీ ప్రచార ప్రకటనలు ప్రమాణ్య స్ట్రాటజీ కన్సల్టింగ్ అనే సంస్థ పేరు మీద కనిపించాయి. పార్టీ పేరుతో మాత్రమే వెతికినవాళ్లకు అవి దొరకవు. కన్సల్టెన్సీ ద్వారా కట్టడం తప్పు కాదు, అన్ని పార్టీలూ చేసేదే. కానీ చూసేవాడికి ఆ లంకె చెప్పే గడి ఒకటి ఉండాలి కదా, అది లేదు. అందుకే ముందు రాష్ట్రం ఫిల్టర్ పెట్టి పెద్ద మొత్తాల జాబితా కిందికి దిగుతూ, తెలియని కంపెనీ పేరు వచ్చిన ప్రతిచోటా వీడియో తెరిచి అది ఎవరి ప్రచారమో చూడాలి.

గూగుల్ ఎన్నికల ప్రకటన అంటే మన దగ్గర పార్టీ, అభ్యర్థి, లోక్‌సభ లేదా శాసనసభ సభ్యుడు కనిపించేది, లేదా వాళ్లు వేసేది. ఎవరి పేరూ లేకుండా ఒక సమస్య మీద జనాన్ని రెచ్చగొట్టే ప్రకటన ఈ పరిధిలోకి రాదు. మెటాలో సామాజిక అంశాలూ కలుస్తాయి. కాబట్టి రెండింటి మొత్తాలను పక్కపక్కన పెట్టి పోల్చడం సరైన లెక్క కాదు. డేటా దింపుకుంటే వారాలవారీ ఖర్చు ఫైలు ఒకటుంటుంది, షెడ్యూలు వచ్చిన వారం, చివరి వారం మధ్య తేడా చూడటానికి అది చాలా ఉపయోగం.

రెండింటికీ అందనివి కూడా గుర్తుంచుకోవాలి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి, డబ్బు తీసుకుని పొగిడే యూట్యూబ్ ఛానెళ్లు, ఇన్‌ఫ్లుయెన్సర్ల రీల్స్, రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఫోన్లు ఈ లైబ్రరీల ఖర్చు లెక్కల్లోకి రావు. ఈ లైబ్రరీల మొత్తాన్ని 'డిజిటల్ ప్రచార ఖర్చు' అనడం తప్పు. అభ్యర్థి విషయంలో దీన్ని సరిపోల్చాల్సింది ఫలితాల తర్వాత 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి అతను ఇచ్చే ఖర్చుల లెక్కతో. సోషల్ మీడియా ప్రకటనల ఖర్చు ఆ లెక్కలో ఉండాలని ఎన్నికల సంఘం 2013లోనే ఆదేశించింది. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు కనుక, అభ్యర్థి పేరూ ఫొటో ఉన్న ప్రకటన పార్టీ ఖాతాలో పడిందేమో ముందు అక్కడ చూడాలి.

మాటతో వెతకాలన్నా, పేజీ చరిత్ర చూడాలన్నా మెటాకే నా ఓటు. ఎవరు ఎంత పెట్టారన్న పెద్ద బొమ్మకు గూగుల్. 2019 ఏప్రిల్ 11 నాటి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ప్రకటనలకు మెటా ఇచ్చిన ఏడేళ్ల గడువు 2026 ఏప్రిల్ వరకే. దొరికిన ప్రతి ప్రకటనకూ లైబ్రరీ ఐడీ అంకె, డిస్‌క్లైమర్ కనిపించేలా స్క్రీన్‌షాట్, వీడియో కాపీ, చూసిన తేదీ కలిపి ఒకే ఫోల్డర్‌లో దాచుకోవాలి. లింకు ఒక్కటే దాచుకుంటే గడువు తీరాక అది ఖాళీ పేజీకి తీసుకెళ్తుంది.