అఫిడవిట్: నోటరీ దగ్గరా, తహసీల్దార్ దగ్గరా, తెల్ల కాగితం చాలా?

మా అమ్మ పేరు ఆధార్‌లో ఇంటిపేరుతో ఉంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒట్టి పేరే ఉంది. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే పత్రం, తెమ్మన్నారు. మన ఇళ్ళల్లో ఇది మామూలే. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకొకటి. భూమి కాగితాల్లో ఒకలా, ఓటరు కార్డులో మరోలా. టైపింగ్ షాపుకెళ్తే, "పెద్దావిడను తిప్పడమెందుకు సార్, సంతకం పెట్టించుకు రండి, సీలు నేను వేయిస్తా" అన్నాడు. అలాగే చేశాను. కొద్ది రోజులకు కాగితం తిరిగొచ్చింది. సీలుంది గానీ రిజిస్టర్ నంబరు లేదు, ప్రమాణం చేయించిన తేదీ లేదు. డబ్బు పోతే పోయింది, అమ్మ చదవని కాగితం మీద అమ్మ చేత సంతకం పెట్టించానే అన్నది ఇప్పటికీ బాధే.

అందుకే ఎవరైనా అడిగితే, బాండ్ పేపర్ కొనే ముందు ఆ ఆఫీసులో ఒక్క మాట కనుక్కోమంటాను: "అఫిడవిట్ కావాలా, సొంత డిక్లరేషన్ చాలా?" చాలంటే అదే మేలు. పాస్‌పోర్ట్ దరఖాస్తుతో ఇచ్చే అనుబంధ పత్రాలకు నోటరీ గానీ మేజిస్ట్రేట్ గానీ అక్కర్లేదని, తెల్ల కాగితం మీద రాసి సంతకం చేస్తే సరిపోతుందని విదేశాంగ శాఖ 2016 డిసెంబరులోనే చెప్పింది. పుట్టిన 30 రోజుల తర్వాత, ఏడాదిలోపు జనన నమోదుకు వెళ్తే ఒకప్పుడు నోటరీ అఫిడవిట్ అడిగేవారు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో దాని బదులు స్వయంగా ధ్రువీకరించిన పత్రం చాలన్నారు. ఇలాంటి వాటికి కూడా పాత అలవాటు కొద్దీ నోటరీ చేయించుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు.

గెజిటెడ్ ఆఫీసర్ ఆకుపచ్చ సిరా సంతకం వేరే సంగతి. జిరాక్సు కాపీ ఒరిజినల్‌కు సరిపోయిందని ఆయన చెబుతాడు, అంతే. గెజిటెడ్ అయినంత మాత్రాన ప్రమాణం చేయించే అధికారం రాదు. అఫిడవిట్ అడిగిన చోట ఇది పనికిరాదు.

ఇక అసలు పోటీ నోటరీకీ, మేజిస్ట్రేట్‌కీ మధ్యే. "మేజిస్ట్రేట్ సంతకమైతే బరువెక్కువ" అని చాలామంది అంటారు. చట్టంలో అలా లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 139వ సెక్షన్‌లో కోర్టు, మేజిస్ట్రేట్, నోటరీ, హైకోర్టు నియమించిన అధికారి అందరూ ఒకే వరసలో ఉన్నారు. ఎన్నికల అభ్యర్థులిచ్చే ఫారం 26 అఫిడవిట్ కూడా నోటరీ ముందు చేయొచ్చు. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో తహసీల్దార్ చేసేదీ మంచిదే, కానీ ఆయన ఎప్పుడు దొరుకుతాడు? సోమవారం ప్రజావాణి, మిగతా రోజుల్లో మీటింగులు, సర్వేలు. తహసీల్దార్ ముందే చేయాలని ఆఫీసు రాసిచ్చిన పని అయితే తప్ప నోటరీకే నా ఓటు. మంచాన ఉన్న మనిషి అయితే నోటరీ ఇంటికి కూడా రావచ్చు. ప్రయాణ ఖర్చు ఇవ్వాలి, అంతే.

అయితే నోటరీ అంటే సీలు కాదు. రెండోసారి అమ్మను వెంటబెట్టుకుని ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆధార్ చూశారు, అమ్మ ముఖం చూశారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒక్కో పేరా తెలుగులో చదివి, "అంతేనా అమ్మా?" అని ఆగారు. మూడో పేరా దగ్గర అమ్మ, "మా నాన్న పేరు అది కాదయ్యా" అంది. తాతయ్య పేరు మొదటిసారి టైపు చేయించినప్పుడే తప్పు పడింది, నేను చూసుకోలేదు. ఆయన దిద్దించి, పక్కన అమ్మ చేత పొట్టి సంతకం పెట్టించి, తనూ పెట్టారు. చదివి వినిపించానని కింద రాశారు. అప్పుడు రిజిస్టర్ తెరిచి, అందులోనూ అమ్మ సంతకం తీసుకుని, ఆ వరస నంబరు కాగితం మీద వేశారు. కోర్టులో దాఖలు చేసిన అఫిడవిట్ తెలిసి చెప్పిన అబద్ధమని తేలితే 7 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. ఆ సంతకం ఎవరిదో ఆ బాధ్యతా వాళ్ళదే.

గుండ్రటి సీలు మీద నోటరీ పేరు, ఆయన పరిధి ఉన్నాయో లేదో చూడండి. ఆ పరిధి దాటి ఆయన పని చేయకూడదు. ప్రాక్టీస్ సర్టిఫికెట్ గడువు 5 ఏళ్ళు, అదీ చూడొచ్చు. స్టాంప్ పేపర్ కొని ఆరు నెలలు దాటితే చెల్లదన్న భయం అక్కర్లేదు. ఆ గడువు వాడని పేపర్‌కు డబ్బు వాపసు తీసుకోవడానికేనని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. అయినా కౌంటర్ దగ్గర వాదనెందుకు, కొత్తది కొంటే టెన్షన్ ఉండదు.

విదేశాల్లో ఉన్న పిల్లలకైతే లెక్క మారుతుంది. అమెరికాలో చాలా బ్యాంకు శాఖల్లోనే నోటరీ దొరుకుతారు. ఆ సంతకం మీద ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్, అంటే ఆ పత్రం వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ, వేయించుకోవచ్చు. దీనికోసం దేశాల మధ్య ఉన్న ఒప్పందం మన దేశానికి 2005 నుంచి అమల్లో ఉంది. దూరప్రయాణం తప్పుతుంది కాబట్టి అమెరికా, బ్రిటన్‌లలో ఉన్నవాళ్ళకు ఇదే సులువు. యూఏఈ, కువైట్ ఆ ఒప్పందంలో లేవు. అక్కడున్న మన జగిత్యాల, కోనసీమ వాళ్ళకు భారత కాన్సులేటో, ఎంబసీయో సరైన దారి. 1948 నాటి చట్టం ప్రకారం అక్కడి మన అధికారి ప్రమాణం చేయించవచ్చు. ఏ దారైనా సరే, డ్రాఫ్ట్‌ను ముందు వాట్సాప్‌లో ఇంటికి పంపించి, ఇక్కడి ఆఫీసులో చూపించి సరే అనిపించుకున్నాకే అక్కడ అపాయింట్‌మెంట్ తీసుకోమనండి. ఒక్క అక్షరం తేడాతో మళ్ళీ సెలవు పెట్టుకోవాలంటే వాళ్ళకు చాలా కష్టం.