విశాఖ వన్ టౌన్ వైపు ఒక చర్చి వాళ్ళు కార్పొరేషన్ స్కూల్లో నడిపే సాయంత్రం క్లాసులు, మా అనుభవం (4/5)

చర్చి పేరు, స్కూల్ పేరు రాయట్లేదు, కింద కంప్లైంట్లు కూడా ఉన్నాయి కాబట్టి. ఫిషింగ్ హార్బర్ పక్క పేటల్లో ఉన్నోళ్ళకి ఎలాగూ అర్థమైపోద్ది.

ఇదేటంటే, బడి వదిలాక వరండాలో కూర్చోబెట్టి చదివిస్తారు, పైసా తీసుకోరు. ట్యూషన్‌లో లాగా మందనంతా ఒకచోట వేసి హోంవర్క్ రాయించి పంపేయడం కాదు, ఒక్కో వాలంటీర్‌కి ఇద్దరో ముగ్గురో పిల్లలు, ఏడాదంతా వాళ్ళే. మా గుంటడు నాలుగో తరగతి, ఒత్తు కనపడితే చాలు నీళ్ళు నమిలేవాడు. వాడికి దొరికిన అక్క బ్యాంకులో చేస్తది, ఆవిడ నాలుగో తరగతి తెలుగు బుక్కు పక్కన పెట్టేసి రెండో తరగతిది తీయించింది. లెక్కలు, ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు కదా, ముందు తెలుగు పేజీ చదివించి, వాడి మాటల్లో చెప్పించుకుని, అప్పుడు ఇంగ్లీషు పేజీకి వెళ్తది. ఇంగ్లీషు మీడియం అని నేరుగా ఇంగ్లీషులో దంచేస్తే మా పిల్లలు బట్టీ కొడతారు తప్ప బుర్రకి ఏం ఎక్కదు. డాక్‌యార్డులో రిటైరైన ఒక అంకుల్ ఉన్నారు, ఆయన భాగాహారం చెప్తే బోటు డీజిల్ ఖర్చు, చేపల వేలంపాట, కళాసీలకి వాటాలు, అన్నీ ఇవే లెక్కలు. ఆయన చుట్టూ గుంటలు ఎప్పుడూ మూగిపోయే ఉంటారు.

అందరూ అడిగేది మతం మారుస్తారా అని. స్కూల్లో ప్రార్థన లేదు, బైబిల్ లేదు, పాట కూడా లేదు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూల్లో మతబోధన కూడదని రాజ్యాంగంలో ఆర్టికల్ 28 ఉంది, హెచ్ఎం మేడమ్ ఆ షరతు మీదే వరండా ఇచ్చారు. మేలో చర్చిలో పెట్టే వీబీఎస్ (వేసవి సెలవుల బైబిల్ క్లాసులు) వేరు, అక్కడ యేసు పాటలు, కంఠస్థ వాక్యాలు అన్నీ ఉంటాయి. మాది మార్గశిర లక్ష్మివారాలు కనకమహాలక్ష్మి అమ్మోరి గుడికి వెళ్ళే ఇల్లు, వీబీఎస్‌కి పంపలేదు, ఎవరూ ఏమీ అనలేదు, జూన్‌లో మామూలుగానే కూర్చోబెట్టుకున్నారు.

ఆ జూన్ గురించే చెప్పాలి అసలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం, బడి తెరిచేదేమో జూన్ 12. ఇంట్లో రూపాయి ఆడని టైం అన్నమాట. పుస్తకాలు, బ్యాగు గవర్నమెంటు ఇస్తది, కానీ ఏడో ఎనిమిదో చదివే మగపిల్లలు సెలవుల్లో ఏదో పనికి అలవాటు పడి బడికి తిరిగి రారు. అందుకే ఈ వాలంటీర్లు బడి తెరవకముందే ఇంటింటికీ తిరుగుతారు. మా వీధిలో ఒకడు చేతికి డబ్బులు రుచి మరిగి ఇక చదవనన్నాడు, వాడికి చెప్పే అన్న పోరు పెట్టి తిరిగి తిరిగి, వాళ్ళ నాన్నతో టీ కొట్టు దగ్గర కూర్చుని మాట్లాడి మొత్తానికి ఎనిమిదిలో కూర్చోబెట్టాడు. టీచర్లకి యాప్‌ల్లో ఫొటోలు ఎక్కించడానికే టైం సరిపోదు, వాళ్ళెక్కడ తిరుగుతారు పాపం. ఈ ఒక్క పనికే నాలుగు స్టార్లు.

ఇంక కంప్లైంట్లు. కాలేజీ పిల్లలు సెమిస్టర్ పరీక్షలు రాగానే చెప్పా పెట్టకుండా మాయమైపోతారు, ఇక్కడ చిన్నోళ్ళు మా అక్క ఏది, మా అన్న ఏడి అని ఇల్లు పీకి పందిరేస్తారు. డిసెంబర్లో బయటి నుంచి ఎవరో వచ్చి గిఫ్టులు పంచి, ఫొటోలు దిగి, "నిరుపేద బాలలు" అని ఫేస్‌బుక్‌లో పెట్టారు. మా ఆడపడుచు వెళ్ళి కడిగేసింది, తీసేశారు, ఇప్పుడు ఫొటో అంటే అమ్మానాన్నల సంతకం కావాలంటున్నారు. పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్ చెప్పేంత సీన్ కూడా వీళ్ళకి లేదు, దానికి వేరే చూసుకోవాల్సిందే.

జాగ్రత్తలు బానే ఉన్నాయి, తలుపేసిన గదిలో కూర్చోబెట్టరు, పిల్లల్ని ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్ళరు, గోడ మీద చైల్డ్‌లైన్ 1098 పెద్దగా రాసుంది.

చేర్చాలంటే చర్చికి వెళ్ళక్కర్లేదు, జూన్‌లో హెచ్ఎం దగ్గర పేరిస్తే చాలు. ఇచ్చేటప్పుడే వచ్చేది ఉద్యోగస్తులా కాలేజీ పిల్లలా అని అడిగేయండి, కాలేజీ వాళ్ళైతే పరీక్షలప్పుడు బదులు ఎవరొస్తారో కూడా తేల్చుకోండి.