ఈక్యూఎస్ఎల్ డాట్ సీసీ: కార్డు చేతికందుతుంది, రుజువు కోసం మాత్రం ఇంకో గడప ఎక్కాలి

రాజమండ్రిలో మా డాబా మీది నీళ్ల ట్యాంకుకూ పెరటి కొబ్బరిచెట్టుకూ మధ్య 20 మీటర్ల డైపోల్ యాంటెన్నా తీగ కట్టి, లైసెన్సు తీసుకుని అభిరుచిగా ప్రసారం చేసే హామ్ రేడియోలోకి దిగిన మొదటి నెలలోనే నేను ఐదు వందల క్యూఎస్ఎల్ కార్డులు అచ్చు వేయించాను. ప్రెస్సువారు నా స్టేషన్ గుర్తింపు పేరైన కాల్ సైన్‌లో రెండో అక్షరమైన యూ బదులు మరో వీ వేసి ఇచ్చారు. ప్రూఫు మీద చూసుకోకుండా సంతకం పెట్టింది నేనే కనుక తగవుకు తావు లేకపోయింది. ఆ కట్టలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి. ఈ కార్డులను ఇంటర్నెట్‌లో పంపుకొనే ఈక్యూఎస్ఎల్ డాట్ సీసీ వైపు నన్ను నెట్టింది ఆ నష్టమే. నాలుగేళ్లు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ వ్యవహారం తెలియనివారి కోసం ఒక మాట. రెండు హామ్ స్టేషన్లు గాలిలో మాట్లాడుకున్నాక, ఆ సంభాషణ జరిగిన తేదీ, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం, బ్యాండ్ అనే తరంగాల శ్రేణి, మోడ్ అనే ప్రసార పద్ధతి, వినిపించిన తీరును తెలిపే సిగ్నల్ రిపోర్ట్ రాసి ఒకరికొకరు పంపుకొనే పోస్టుకార్డంత అట్టముక్కను క్యూఎస్ఎల్ కార్డు అంటారు. అది ఒకేసారి రెండు పనులు చేస్తుంది. మీతో మాట్లాడినందుకు సంతోషం అని చెప్పే మర్యాద ఒకటి, ఫలానా దేశంతో నిజంగానే మాట్లాడాను అని అవార్డు ఇచ్చేవారికి చూపించే రుజువు రెండోది. కాగితపు కార్డు ఈ రెండింటినీ చక్కగా నెరవేరుస్తుంది గాని, విదేశానికి పంపాలంటే కవరులో తిరుగు తపాలా ఖర్చుకని రెండు మూడు డాలర్ల నోట్లు పెట్టే ఆచారం ఉంది, హామ్‌లు వాటిని గ్రీన్ స్టాంపులని ముద్దుగా పిలుస్తారు. అంత ఖర్చు ఎందుకని హామ్ సంఘాలు నడిపే కార్డుల బ్యూరో ద్వారా కట్టగా పంపితే జవాబు రావడానికి ఏళ్లు పట్టవచ్చు.

ఈక్యూఎస్ఎల్ డాట్ సీసీ 2000లో అమెరికాలో మొదలైంది. ఉచితంగా ఖాతా తెరవవచ్చు. మన కంప్యూటర్‌లో సంభాషణల చిట్టా, అంటే లాగ్, రాసే సాఫ్ట్‌వేర్ నుంచి ఏడీఐఎఫ్ అనే ప్రామాణిక రూపంలో ఆ ఫైలు తీసి అప్‌లోడ్ చేస్తే, అందులోని ప్రతి కాంటాక్టుకూ ఒక కార్డు తయారై అవతలివారి ఇన్‌బాక్స్‌లో పడుతుంది. అవతలివారికి ఇంకా ఖాతా లేకపోతే ఆ కార్డు వారి కాల్ సైన్ పేరిట అక్కడే ఎదురుచూస్తూ ఉంటుంది. నేను ఖాతా తెరిచిన రోజునే అప్పటికే నా పేరిట పద్నాలుగు కార్డులు వచ్చి ఉండడం చూసి, తాళం వేసిన ఇంటి గుమ్మంలో ఉత్తరాలు పేరుకున్నట్లు అనిపించింది. అందులో ఒకటి నేను లాగ్‌లో రాసుకోవడం మరచిపోయిన కాంటాక్టు.

వెబ్‌సైటు ముఖం గురించి దాచేది లేదు, అది పుట్టిన కాలాన్నే ఇంకా తొడుక్కుని ఉంది. గడులు గడులుగా పట్టికలు, రంగురంగుల బటన్లు, ఒక పని కోసం రెండు మూడు పేజీలు దాటవలసి రావడం కొత్తవారిని మొదటి వారం విసిగిస్తాయి. ఇన్‌బాక్స్, అవుట్‌బాక్స్, ఆర్కైవ్ అనే మూడు అరల తేడా పట్టుబడిన తరువాత మాత్రం చేతికి అలవాటవుతుంది. కార్డును తెరిస్తే అవతలివారు ఎంచుకున్న చిత్రం, దాని మీద అంటించినట్లుగా కాంటాక్టు వివరాల గడి, కింద వారు రాసిన చిన్న సందేశం కనిపిస్తాయి. మన లాగ్‌తో సరిపోతే ఒప్పుకోవచ్చు, సరిపోకపోతే తిరస్కరించవచ్చు.

ఈ తిరస్కరణ అనే మీట నాకు నేర్పిన పాఠం కొంత వివరంగా చెప్పాలి. కొత్తగా ఈ సేవను వాడే మనవాళ్లలో చాలామంది పడే గుంట అదే. హామ్ లాగ్ అంతా యూటీసీలో ఉండాలి, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. నేను నోటుబుక్కులో రాసుకున్నవి మన సమయంలోనే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, అరవై మూడు కాంటాక్టుల ఫైలును నిశ్చింతగా పంపేశాను. డిసెంబరు 14 తెల్లవారుజామున 4:45కు 7 మెగాహెర్ట్జ్ మీద ఇటలీ స్టేషన్‌తో మాట్లాడిన మాట నిజం. అది యూటీసీలో డిసెంబరు 13, రాత్రి 23:15 అవుతుంది. అంటే గంటలతో పాటు తేదీ కూడా మారిపోతుంది. ఆ ఇటలీ పెద్దాయన నా కార్డును తిరస్కరిస్తూ, 'మీరు చెప్పిన సమయానికి నేను నిద్రలో ఉన్నాను, నా రేడియో కూడా నిద్రలోనే ఉంది' అని మర్యాదగా రాశారు. అరవై మూడింటినీ అవుట్‌బాక్స్‌లోంచి తీసివేసి, సరిచేసి మళ్లీ పంపడానికి ఒక ఆదివారం పట్టింది. తప్పు పూర్తిగా నాదే అయినా, మనం పంపిన సమయం స్థానిక కాలమేమో అని అప్‌లోడ్ పేజీలో కంటికి తగిలేలా ఒక హెచ్చరిక ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.

రెండో చిక్కు కాల్ సైన్ మారినప్పుడు వస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సుతో వీయూ3గా మొదలైనవారు జనరల్ గ్రేడ్ పాసైతే వీయూ2 అవుతారు. ఈక్యూఎస్ఎల్ ప్రతి కాల్ సైన్‌కూ వేరే ఖాతా అడుగుతుంది, ఆ కాల్ సైన్ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మనదో చెప్పాలంటుంది. ఆ తేదీల అవధికి బయట పడిన కాంటాక్టులను నిర్మొహమాటంగా వెనక్కి పంపుతుంది. మొదట ఇది చాదస్తమనిపించినా, పాత కాల్ సైన్ కాలంనాటి కార్డులు కొత్త ఖాతాలో కలిసిపోకుండా కాపాడేది ఈ నియమమేనని తరువాత అర్థమైంది. రెండు ఖాతాలనూ ఒకదానికొకటి జతచేసుకుంటే మళ్లీ మళ్లీ లాగిన్ కావలసిన పని లేదు.

ఇక అసలు విషయం, అంటే రుజువు. ఎవరైనా ఎవరి కాల్ సైన్ పేరిటైనా ఖాతా తెరిస్తే ఆ కార్డులకు విలువేమిటన్న ప్రశ్నకు ఈ సేవ ఇచ్చిన సమాధానం ఏజీ హోదా. ఆథెంటిసిటీ గ్యారంటీడ్ అన్న మాటకు అది పొట్టిరూపం. మన లైసెన్సు ప్రతిని స్కాన్ చేసి పంపితే నిర్వాహకులు చూసి ఆ ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్న కార్డులను సీక్యూ పత్రిక అవార్డులకు, అంటే ప్రపంచాన్ని 40 జోన్లుగా విభజించి ప్రతి జోన్‌తోనూ మాట్లాడినవారికి ఇచ్చే డబ్ల్యూఏజడ్ వంటివాటికి, ఒప్పుకున్నారు. ఈ లెక్కలో మన దేశం 22వ జోన్‌లో ఉంటే అండమాన్ 26లో ఉందన్న సంగతి మనవాళ్లకే చాలామందికి తెలియదు. ఈక్యూఎస్ఎల్‌కు సొంత అవార్డులు కూడా ఉన్నాయి.

అయితే హామ్ ప్రపంచంలో అందరూ కలలుగనే డీఎక్స్‌సీసీకి, అంటే కనీసం 100 దేశాలు, భూభాగాలతో మాట్లాడినందుకు అమెరికా సంస్థ ఏఆర్ఆర్ఎల్ ఇచ్చే పురస్కారానికి, ఈక్యూఎస్ఎల్ కార్డు పనికిరాదు. ఆ సంస్థ కాగితపు కార్డునూ, తాను 2003లో ప్రారంభించిన లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్‌నూ నమ్ముతుంది. దీన్ని అహంకారమనేవారితో నేను ఏకీభవించను. లాగ్‌బుక్‌లో మన కంప్యూటర్‌లోనే ఉండే రహస్య తాళంతో ప్రతి లాగ్ మీదా టీక్యూఎస్ఎల్ అనే ప్రోగ్రాము డిజిటల్ సంతకం చేస్తుంది. అవతలివారు విడిగా పంపిన లాగ్‌తో బ్యాండ్, మోడ్ కలిసి, సమయం 30 నిమిషాల తేడాలోపు సరిపోతేనే ధ్రువీకరణ దొరుకుతుంది. ఎదుటివారు ఏం రాశారో చూసి దానికి అనుగుణంగా మనం ఒప్పుకునే అవకాశం అక్కడ లేదు. ఈక్యూఎస్ఎల్‌లో మాత్రం వచ్చిన కార్డును ముందు చూసి ఆపైన ఒప్పుకుంటాం. ఎంత నిజాయితీపరులైనా, లాగ్‌లో కొంచెం అటుఇటుగా ఉన్నదాన్ని 'సరేలే, ఆయనే కదా' అని ఒప్పుకునే మనిషి మనసు అక్కడ పనిచేస్తుంది.

రుజువు అంటే ఎంత పట్టింపో తెలియాలంటే అండమాన్‌ను గుర్తుచేసుకోవాలి. డీఎక్స్‌సీసీ లెక్కలో అండమాన్, నికోబార్ దీవులు భారతదేశంతో కలవని వేరే భూభాగం. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందంతో వెళ్లి వీయూ4ఆర్‌బీఐ అన్న కాల్ సైన్‌తో అక్కడి నుంచి ప్రసారం చేసినప్పుడు ప్రపంచమంతా ఆ ఒక్క కాంటాక్టు కోసం బారులు తీరింది. 26వ తేదీన సునామీ వచ్చాక అదే స్టేషన్ సహాయ సమాచారానికి దారి అయింది. అలాంటి అరుదైన చోటితో మాట్లాడానని చెప్పేవారిని నిజమెంత అని అడగడం న్యాయమే కదా.

లాగ్‌బుక్‌లో మెచ్చనిదీ ఉంది. అమెరికా వెలుపలివారు లైసెన్సు ప్రతితో పాటు మరో అధికారిక పత్రం కూడా పంపాలి, సర్టిఫికెట్‌ను మూడేళ్లకొకసారి మార్చుకోవాలి, ఇంత చేసినా చివరికి దొరికేది పట్టికలో ఒక వరుస. బొమ్మ లేదు, పలకరింపు లేదు. 2024 మేలో ఏఆర్ఆర్ఎల్ కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరిగి, జులై 1 వరకు ఆ సేవ మూతపడింది. అన్ని కాంటాక్టులనూ ఒకే చోట నమ్ముకోకూడదని ఆ నెలన్నర నాకు తెలిపింది. అప్పటి నుంచి ఏడీఐఎఫ్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో కూడా ఉంచుకుంటున్నాను.

2017లో వచ్చిన ఎఫ్‌టీ8 డిజిటల్ మోడ్‌తో ఈ సేవలన్నింటి స్వరూపం మారింది. 15 సెకన్ల విడతలతో మాటలు లేకుండా సాగే ఆ కాంటాక్టులు ఒక సాయంత్రంలో నలభై దాకా అవుతాయి. సాఫ్ట్‌వేరే లాగ్ రాసి, సాఫ్ట్‌వేరే కార్డు పంపుతుంది. ఫలితంగా నా ఇన్‌బాక్స్‌లో ఒకే రకం సందేశంతో, ఎవరి చేతి స్పర్శా లేని కార్డులు గుట్టలుగా పడుతున్నాయి. ఇది ఈక్యూఎస్ఎల్ తప్పు కాదు గాని, వాటి మధ్య మనిషి రాసిన కార్డును వెతుక్కోవలసి రావడం ఈ సేవను వాడేవారికి నిజమైన ఇబ్బందే.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఉచిత సభ్యత్వంతో కార్డులు పంపడం, అందుకోవడం రెండూ సాగుతాయి. విరాళంగా ఏడాది చందా ఇచ్చి పై తరగతికి వెళితే సొంత చిత్రంతో కార్డు వేసుకోవచ్చు. కేవలం రేడియో వినే శ్రోతలు కూడా ఇక్కడ ఖాతా తెరిచి తాము విన్న స్టేషన్లకు రిపోర్టులు పంపవచ్చు. లైసెన్సు పరీక్షకు ఇంకా తయారవుతున్న పిల్లలకు ఇంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు. అయితే డీఎక్స్‌సీసీ కోరేవారు మొదటి రోజు నుంచే లాగ్‌బుక్‌కు కూడా లాగ్ పంపుతూ ఉండాలి. తరువాత చూద్దాంలే అనుకుంటే, అవతలివారు ఆ రంగం నుంచి తప్పుకున్నాక అడగడానికి ఎవరూ ఉండరు.

నేను చందా కట్టి నా కార్డు మీద గోదావరి ఆర్చి వంతెన బొమ్మ పెట్టుకున్నాను. పోయిన చలికాలం ఫిన్లాండ్ నుంచి ఒకాయన కార్డును ఒప్పుకుంటూ, ఆ వంతెన ఎంత పొడవుంటుందని సందేశంలో అడిగారు. 2.7 కిలోమీటర్లని, దాని మీద రైలు వెళుతున్నప్పుడు మా ఊళ్లో పిల్లలు ఇంకా పెట్టెలు లెక్కపెడతారని రాశాను. మళ్లీ కలిసినప్పుడు ఆయన పంపిన కార్డులో గడ్డకట్టిన చెరువు, దాని మీద ఒక మంచుబండి ఉన్నాయి. కింద సిగ్నల్ రిపోర్ట్ పక్కన, 'ఇక్కడ లెక్కపెట్టడానికి ఒకే బండి' అని ఉంది.